మన సంఘం వార్షిక నివేదిక: ఉగాది నుంచి వాకా దాకా

సభ్యులందరికీ కార్యదర్శి నమస్కారాలు.

ఉగాది, బతుకమ్మ, దీపావళి, సంక్రాంతి ఎప్పటిలాగే జరిగాయి. ఉగాది పచ్చడికి ఈ ఏడాదీ వేపపువ్వు దొరకలేదు. జమాఖర్చులు కోశాధికారి విడిగా చదువుతారు. కాబట్టి ఈ నివేదికలో ఎక్కువ చోటు అక్టోబరు యాత్రకే ఇస్తున్నాను. న్యూజిలాండ్ మూలవాసులైన మావోరీల యుద్ధ నావలైన వాకా తౌవాలను చూడటానికి మనం వెళ్ళిన యాత్ర అది. "తెలుగు సంఘానికి పరాయివాళ్ళ పడవలతో ఏం పని?" అని ఒక పెద్దాయన కార్యవర్గానికి ఉత్తరం రాశారు. సూటిగా అడిగారు కనుక సూటిగానే చెబుతాను. ఆక్లాండ్‌లో ఇల్లు కొనుక్కుని, పిల్లలను ఇక్కడి బడికి పంపుతూ, ఈ నేల మనుషులను పరాయివాళ్ళు అనడం నాకు మింగుడుపడలేదు. వచ్చినవాళ్ళం మనం.

నిజానికి ఈ యాత్రకు కారణం మన ఆదివారం తెలుగు బడి. వర్ణమాల దిద్దుతూ ఙ దగ్గరికి రాగానే, "దీనితో మొదలయ్యే మాట ఒక్కటైనా ఉందా టీచర్?" అని ఒక పాప అడిగింది. టీచరుగారు తడుముకుంటుంటే వెనక కూర్చున్న పిల్లవాడు "ఙాతి!" అన్నాడు. ఫలానా మూలపురుషుడి సంతతి అని చెప్పడానికి మావోరీ తెగల పేర్లకు ముందు వచ్చే మాట అది. మన జ్ఞాతికీ దానికీ చుట్టరికం లేదు, ధ్వని కలిసిందంతే. అయినా మనం ఏళ్ళ తరబడి ఊరికే మోస్తున్న అక్షరానికి ఇక్కడ ఇంత పని ఉందని తెలిసి పిల్లల కంటే పెద్దలే ఎక్కువ మురిసిపోయారు.

మొదట ఆక్లాండ్ మ్యూజియంలో తె తోకి ఆ తాపిరి అనే నావను చూశాం. తాపిరి గొడ్డలి అని ఆ పేరుకు అర్థం. 25 మీటర్ల పొడవు, 100 మంది యోధులు పట్టేంత నావ. 1836 ప్రాంతంలో ఙాతి కహుంగును తెగవారు తొతారా మానుతో చెక్కారు. ఆ తరువాత దాన్ని మరో తెగ నాయకుడికి ఇచ్చినప్పుడు ప్రతిగా అందుకున్నది పేరుగాంచిన ఒక శాలువ. శాలువ కప్పి పంపించేయడమే మర్యాద అనుకునే మనకు ఇది కాస్త ఆలోచించదగ్గ సంగతి! 1863లో వైకాటో యుద్ధం నాడు వలస ప్రభుత్వ బలగాలు ఈ నావను పట్టుకుపోయాయి. 1885 నుంచి మ్యూజియంలో ఉంది.

దూరం నుంచి చూస్తే కళ్ళు ముందు ముక్కు మీది చెక్కడాల మీదికే పోతాయి. దగ్గరికి వెళితే అసలు పనితనం అతుకుల దగ్గర కనిపిస్తుంది. తొలిచిన మాను మీద పక్క పలకలను నిలబెట్టి, అంచుల వెంట రంధ్రాలు చేసి, తాళ్ళతో బిగించి కట్టారు. ఎక్కడా మేకు లేదు. భీమిలి నుంచి వచ్చిన మన సభ్యుడొకరు అక్కడే చాలాసేపు నిలబడిపోయారు. వాళ్ళ తాతల నాటి మసులా పడవల పలకలను కూడా కొబ్బరి పీచు తాడుతోనే కుట్టేవారట.

మరునాడు తెల్లవారుజామున బస్సులో వైతాంగికి బయలుదేరాం. అక్కడి ఙాతోకిమతఫావొరువా నావ పొడవు 35.7 మీటర్లు. మూడు కౌరీ చెట్లతో చేసి, మావోరీ నాయకులకూ బ్రిటిష్ ప్రభుత్వానికీ మధ్య వైతాంగిలో కుదిరిన ఒప్పందానికి నూరేళ్ళు నిండిన 1940లో నీటిలోకి దింపారు. కదలాలంటే కనీసం 76 మంది తెడ్లు వేయాలి. నీళ్ళలో నానితే బరువు 12 టన్నులు. 76 తెడ్లు ఒకే లయలో పడాలంటే పాట ఉండాలి. లయ చెప్పడానికి నావలో నిలబడే మనిషిని కైహౌతూ అంటారు.

ఇక్కడ కార్యవర్గం తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నావ ఉన్న సాల దగ్గరే మనవాళ్ళు పులిహోర పొట్లాలు విప్పారు. అక్కడి పెద్దావిడ ఒకరు వచ్చి, కోపం లేకుండా, వాటిని అవతలికి తీసుకెళ్ళమన్నారు. వాకా తౌవా తపు, అంటే పవిత్రం. వండిన అన్నం తగిలితే ఆ పవిత్రతకు భంగం. గర్భగుడి ముందు చెప్పులు విప్పమని ఎవరూ చెప్పకుండానే మనకు తెలుసు. ఇది మాత్రం ముందుగా చెప్పాల్సిన బాధ్యత మాది. చెప్పలేదు. క్షమించండి.

ఫిబ్రవరి సమావేశంలో ఫిజీలో పుట్టిన మన సభ్యుడు ఒకరు అక్కడి తెరచాప పడవ ద్రువా గురించి మాట్లాడారు. 1903 తరువాత మద్రాసు రేవు నుంచి గిర్మిట్ మీద, అంటే కూలి ఒప్పందం మీద, వెళ్ళిన కుటుంబం వారిది. తెలుగు తడబడుతూ వచ్చినా, పడవ దగ్గరికి వచ్చేసరికి ధారాళంగా సాగింది. ద్రువాకు రెండు తొట్లు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. చిన్నది ఎప్పుడూ గాలి వచ్చే వైపే ఉండాలి. అందుకే దిశ మార్చాల్సి వస్తే పడవను తిప్పరు, తెరచాపనే ఈ కొస నుంచి ఆ కొసకు మోసుకెళతారు. అప్పటిదాకా వెనక అనుకున్నది ముందు అవుతుంది. 1913లో కట్టిన రాతూ ఫినౌ అనే ద్రువా సువా మ్యూజియంలో ఉందని చెబుతూ, చిన్నప్పుడు దాని పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో చూపించారు.

వచ్చే ఫిబ్రవరి 6న వైతాంగి దినోత్సవానికి మళ్ళీ వెళ్ళాలని కార్యవర్గం తీర్మానించింది. ఆ రోజు నావలు నీటిలోకి దిగుతాయి. ఉత్తరం రాసిన పెద్దాయన పేరు జాబితాలో మొదట రాసుకున్నాను, ఆయన కాదంటే కొట్టేస్తాను. పులిహోర ఈసారీ ఉంటుంది, బస్సులోనే.