బావి పక్కన గులాబీ గురించి

లీడ్స్, ఇంగ్లండ్

అమ్మా, నమస్కారాలు.

నువ్వు పంపిన ఫొటో చూసి వెంటనే రాస్తున్నాను. బావి పక్కన గులాబీకి ఎప్పుడూ లేనంత ఏపుగా కొత్త కొమ్మ వచ్చిందని, ఇక పూజకు పూల కరువు ఉండదని మురిసిపోయావు. ఆ కొమ్మను చూసి అప్పుడే సంబరపడకమ్మా. అది మన ఎర్ర గులాబీది కాదనిపిస్తోంది.

నాన్నగారు పాతపట్నంలో కొన్నది అంటు మొక్క. కింద వేళ్లు ఒక మొండి జాతివి, పైన కట్టిన కన్ను, అంటే చిగురు మొగ్గ, ఎర్రపూల జాతిది. ఆ కింది జాతి సొంతంగా చిగురు వేస్తే వచ్చేదే పిలక. వేళ్లు దానివే కాబట్టి సత్తువంతా అదే లాగేసుకుంటుంది, పైజాతి నీరసించి ఎండిపోతుంది. ఎర్ర గులాబీ తెల్లగా మారిపోయిందని మన వీధిలో చెప్పుకుంటారు చూడు, అక్కడ జరిగింది ఇదే.

ఒక్కో రెమ్మకు ఆకులు లెక్కపెట్టి 7 ఉంటే పిలక అనేస్తారు చాలామంది. ఆ లెక్క నమ్మకు, మంచి జాతులకూ 7 ఆకుల రెమ్మలు వస్తాయి. నేను ఫొటో పెద్దది చేసి చూశాను. ఆకు కాడ కొమ్మకు అతుక్కున్న చోట దువ్వెన పళ్లలా సన్నగా చీలిన అంచు ఉంది. మల్టీఫ్లోరా జాతికి అలా ఉంటుంది. మన దేశంలో అంటు కట్టడానికి వాడే జాతుల్లో అదొకటి, గుత్తులుగా చిన్న తెల్లపూలు పూస్తుంది. ఇక్కడ ఇంగ్లండ్‌లో అంటుకు వాడే లాక్సా మరో జాతి, దాని పిలక లేతాకుపచ్చగా ఉండి ఇట్టే తెలిసిపోతుంది.

అయినా ఖాయంగా తేల్చేది కొమ్మ పుట్టిన చోటే. నాన్నగారు మహేంద్రతనయ నది ఒండ్రు తెచ్చి పాదులో పోశాక అంటు ముడి, అంటే రెండు జాతులు అతికిన చోటు, మట్టిలో కూరుకుపోయింది. చేతివేళ్లతో మెల్లగా మట్టి తీయండి. గునపం వద్దు, వేరుకు గాయమైతే అక్కడే మరో పిలక లేస్తుంది. ఉబ్బెత్తుగా ముడి కనిపిస్తుంది. కొమ్మ ముడి నుంచి గాని, దాని పైనుంచి గాని వస్తే మనదే, ముట్టుకోవద్దు. కిందనుంచి వస్తే తీసేయాల్సిందే.

కత్తెర మాత్రం పెట్టవద్దు. నేలమట్టానికి కోస్తే మిగిలిన మోడు నుంచి ఒకటికి నాలుగు లేస్తాయి. చేతికి మందపాటి గుడ్డ చుట్టుకొని, మొదలు దొరికేదాకా వెళ్లి, కిందికి గుంజి చీల్చాలి. వానలు పడుతున్నాయి కాబట్టి పర్లాకిమిడిలో నేల మెత్తగానే ఉంటుంది. ముదిరి ఊడిరాకపోతే పదునైన చాకుతో వేరుకు ఆనించి, మోడు మిగలకుండా కోయించు. గడ్డిమందు కొట్టమని ఎవరు చెప్పినా వినకు, వేళ్లు ఒకటే కాబట్టి ఎర్ర గులాబీ కూడా పోతుంది. తర్వాత మట్టి కప్పి నీళ్లు పోసి, ముడి మాత్రం పైకి కనిపించేలా ఉంచు.

తులసికోట దగ్గరి నాటు గులాబీ సంగతి వేరు. అమ్మమ్మ ఇచ్చిన కొమ్మ గుచ్చితే బతికింది కదా, దాని వేళ్లు దానివే. ఆ పిలకలు అవే పూలు పూస్తాయి. పిన్ని ఎప్పటినుంచో అడుగుతోంది, వేరుతో సహా ఒకటి తీసి ఇవ్వు.

మట్టి తీశాక ఈసారి ముడి ఫొటో పంపు. అది చూసి చెబుతాను, అంతవరకు బావి పక్కన ఏ కొమ్మా లాగవద్దు. నాన్నగారికి నమస్కారాలు.

నీ పెద్దమ్మాయి