సానబట్టకూడని ఉలి

అమ్మలూ,

వీడియో కాల్‌లో చూసి నువ్వు "నాన్నా, దాన్నేమీ చేయకు, ఎలా ఉన్నది అలా ఉంచు" అన్నావు. నేను సరే అన్నాను. అన్నానే గానీ ఉంచలేదు. ఫోన్లో చెబితే మధ్యలోనే అందుకుంటావని ఉత్తరం రాస్తున్నాను. మొత్తం చదివాక తిట్టు.

గుమ్మాల తాతయ్య, అదే మా వడ్రంగి మావయ్య, పెట్టె మనకొచ్చిందని తెలుసుగా. మావయ్య పిల్లలకి ఆ సామానుతో పని లేదు. "నీకిష్టం కదా బావా, పట్టుకుపో" అన్నారు. బాడిస, రెండు చిత్రికలు, రంపం, బర్మా, ఉలులు అన్నీ తెలిసినవే. అడుగున గోనెగుడ్డలో చుట్టిన రెండు ఇనప ముక్కలే ఏమిటో తెలియలేదు. నువ్వు చూసినవి అవే. జానెడు పొడుగు, కింద విసనకర్రలా వెడల్పు, మెడ సన్నం, తల బొత్తాంలా గుండ్రం. చెక్క పిడి లేదు, పిడిలోకి దూరే మొన కూడా లేదు. నిలువునా ఇనుమే.

నేను ఉలి అనుకున్నాను. అంచు చూస్తే రూపాయి బిళ్ళంత మందం, అరటిదూట కూడా తెగదు. పెద్దాయన చివరి రోజుల్లో ఓపిక లేక పదును పెట్టుకోలేదనుకుని, వాటిలో ఒకదాన్ని బజారులో వెల్డింగు షాపుకి తీసుకెళ్ళి సాన పట్టించేశాను. చక్రం మీద పెట్టగానే నిప్పురవ్వలతో పాటు ఒక వాసన వచ్చింది. "ఏంటండీ, గుగ్గిలం వాసనొత్తంది" అన్నాడు కుర్రాడు. నిజమే. నీ చిన్నప్పుడు మీ నానమ్మ తలంటి పోసి ధూపం వేసేదే, అచ్చం అదే వాసన. వడ్రంగి ఉలికి గుగ్గిలం ఎందుకు అంటుకుంటుందని అప్పుడైనా ఆలోచించాలి కదా. ముప్పై రూపాయలిచ్చి ఇంటికొచ్చేశాను.

రాత్రి రెండోదాన్ని టార్చిలైటు వేసి చూసినప్పుడు గుండె గుభేలుమంది. మొండి అంచు పొడుగునా సన్నటి గాడి ఉంది, గోరు నిలిచేంత. అరిగి మొద్దుబారిన ఉలికి గాడి ఎలా వస్తుంది? ఎవరో కావాలని పెట్టారు. ఇంకో సంగతి తల. ఇనప సుత్తితో ఏళ్ళ తరబడి కొట్టిన ఇనప ఉలి తల అంచులు చిట్లి రేకుల్లా విచ్చుకుంటుంది. దీని తల అరిగి నున్నబడింది గానీ ఎక్కడా చిట్లలేదు. అంటే కొయ్య సుత్తితో కొట్టారన్నమాట.

మన వీధి వడ్రంగిని అడిగితే తోలు పనివాళ్ళదన్నాడు. ఇంకొకాయన తాపీ సామానన్నాడు. వాళ్ళిద్దరి ధీమా చూస్తే నాకే ముచ్చటేసింది. చివరికి అత్తయ్యకి ఫోన్ చేస్తే, "పెళ్ళికి ముందు మీ మావయ్య తాళ్ళరేవులో ఉండేవాడ్రా, అక్కడివేమో" అంది. ఇన్నేళ్ళలో ఆ మాట మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదనుకో.

ఆదివారం బండి మీద బయల్దేరాను. ముమ్మిడివరం, మురమళ్ళ, ఎదుర్లంక, వంతెన దాటితే యానాం. ఆ వంతెన 2002లో వచ్చింది. అంతకుముందు గౌతమి దాటాలంటే పంటు ఎక్కాల్సిందే. మావయ్య కూడా అలాగే వచ్చి ఉంటాడు, ఈ రెండు ముక్కలూ సంచిలో వేసుకుని.

తాళ్ళరేవులో కాలవ గట్టు మీద ఒక చెక్క పడవని ఒరిగించి మరమ్మతు చేస్తున్నారు. చెట్టు కింద కూర్చున్న పెద్దాయన చేతిలో పెట్టాను. కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు, బొటనవేలి గోరు అంచు మీద లాగాడు. గాడి ఉన్నదాన్ని చూసి నవ్వాడు. రెండోది చూసి, "దీన్నెవడు సానబట్టాడండీ?" అన్నాడు.

"ఆయ్, నేనేనండి" అన్నాను. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, అంత సిగ్గుపడింది ఎప్పుడూ లేదు.

ఆయన మాటతో చెప్పలేదు, చేసి చూపించాడు. పడవకి బల్ల పక్కన బల్ల కొడతారు కదా, మధ్య సందు ఉంటుంది. దూదిని తాడులా పేని ఆ సందు మీద పరుస్తారు. ఈ ఇనుము పెట్టి, కొయ్య సుత్తితో టకటకా కొడుతూ లోపలికి దిగ్గొడతారు. గాడి దూదిని పక్కకి జారనివ్వదు. అంచు పదునుగా ఉంటే దూది తెగుతుంది, తెగిన దూది సందులో నిలవదు. అందుకే మొండితనం. ఇరుకు సందుకి సన్నంచు, వెడల్పు సందుకి గాడి అంచు, అందుకే రెండు. దూది మీద గుగ్గిలాన్ని నూనెలో కరిగించి మెత్తుతారు. మెడ దగ్గర నల్లగా గట్టిపడి ఉన్నది మట్టి కాదమ్మా, అదే!

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. దూది మరీ బిగించి కూరకూడదట. పడవ నీళ్ళలోకి దిగాక చెక్క ఉబ్బి, తానే దూదిని నొక్కిపట్టుకుంటుంది. ముందే బిగిస్తే ఉబ్బే చెక్కకి చోటు లేక బల్లలు తోసుకుని మేకులు వదులైపోతాయి. వదులుగా వదిలేస్తే నీరు ఊరుతుంది. "మరి ఎంత చాలో ఎలా తెలుస్తుందండీ?" అన్నాను. "చెవితో" అన్నాడు. సందు ఖాళీగా ఉంటే దెబ్బ మొద్దుగా వినిపిస్తుంది, నిండేకొద్దీ ఖణీమంటుంది. తల వంచి, చెవి బల్ల దగ్గర పెట్టి కొట్టాడు.

అదిగో, అక్కడ ఆగిపోయాను. మావయ్య ఏ గుమ్మం బిగించినా చివర్లో వేలి కణుపుతో పైనుంచి కింద దాకా కొట్టుకుంటూ వచ్చి, తల వంచి వినేవాడు. మేం పిల్లలం "మావయ్య గుమ్మాన్ని పలకరిస్తున్నాడు" అని వెక్కిరించేవాళ్ళం. మన వీధిగుమ్మాన్నీ అలాగే కొట్టాడు, నువ్వప్పుడు మీ అమ్మ చంకలో ఉన్నావు.

వస్తూ కోరంగి వైపు ఒక చుట్టు చుట్టాను, సోషల్ మాస్టారి బుద్ధి ఎక్కడికి పోతుంది. 1839 నవంబరు ఉప్పెనలో మునిగిపోయిన రేవు అది. నరసాపురం దగ్గరైతే 1600లలోనే ఇంగ్లీషువాళ్ళు ఓడలు కట్టించుకున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలవలన్నీ ధాన్యం పడవల దారులే. ఇవన్నీ క్లాసులో బోర్డు మీద రాసినవాణ్ణి. ఆ పడవల్లో నీళ్ళు రాకుండా చేసే ఇనుము మావయ్య పెట్టెలో ఉందని మాత్రం తెలియదు.

గాడి ఉన్నదాన్ని తుడవలేదు, కడగలేదు, గుగ్గిలం కూడా గోకలేదు. అదే గోనెగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను, సంక్రాంతికి వచ్చినప్పుడు నువ్వే తీద్దువు గాని. సానబట్టినదాన్ని ఆకురాయితో మళ్ళీ మొండి చేసుకుంటే ఇరుకు సందులకి పనికొస్తుందని పెద్దాయన అన్నాడు. ఈలోపు మీ అమ్మ దాంతో చిప్పలోంచి కొబ్బరి తీస్తోంది. ముక్క విరక్కుండా వస్తోందట, ఇవ్వనంటోంది.

ఇక తిట్టు.

మీ నాన్న