మలుగు తిన్నాను నాన్నా, అమ్మకి చెప్పకు

చిబా, జపాన్,
ఆదివారం రాత్రి

నాన్నా,

ఈ ఉత్తరం ముందు నువ్వొక్కడివే చదువుకో. అమ్మకి వినిపించేటప్పుడు చేప అని చెప్పు చాలు, ఏ చేపో చెప్పకు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే మనిషి. పాములా పొడుగ్గా ఉండే ఈ మలుగు చేప కూతురు తిందంటే పాము తిన్నట్టే లెక్కేస్తుంది.

నేను బాగానే ఉన్నాను. ఆఫీసూ బాగానే ఉంది, పని ఎప్పుడూ ఉండేదే. నెల్లూరమ్మాయి ఇవాళ వెళ్ళిపోయింది, ఇక తిరిగి రాదు. నరితా ఎయిర్‌పోర్టు దాకా వెళ్ళి దింపాను. ఇద్దరం ఏడవలేదు. బరువు ఎక్కువైందని ఊరగాయ డబ్బా నా చేతిలో పెట్టేసి లోపలికి పోయింది.

గదికి పోబుద్ధి కాలేదు. ఊరగాయ సంచితోనే నరితా స్టేషన్లో దిగిపోయాను. అక్కడి నుంచి పెద్ద గుడి దాకా ఒక పల్లపు వీధి, పావుగంట నడక. 940 నాటి గుడి. లోపలున్న దేవుడి సంస్కృతం పేరు అచలుడట. పైన విమానం పోయినప్పుడల్లా ఇదే నెల్లూరమ్మాయిదేమో అనుకుంటూ నడిచాను.

ఆ వీధి మలుగు హోటళ్ళకి పేరు. ఒకచోట వీధిలోకి కనబడేలా కూర్చునే కోస్తున్నారు. నువ్వు చూడాల్సిన పని నాన్నా అది. బతికున్నదాన్ని పలక మీద పెట్టి తల దగ్గర మేకు దించుతారు. తర్వాత వీపు మీంచి ఒకే గీత, పుస్తకం తెరిచినట్టు విచ్చుకుంటుంది. పొట్ట వైపు కోయరు. పూర్వం సమురాయిలు పొట్ట కోసుకుని చచ్చేవాళ్ళు కదా, వాళ్ళుండే ఊళ్ళో అది అపశకునమని టోక్యో వైపు వీపే కోస్తారంటారు. ఒసాకా వైపు మాత్రం పొట్టే. పుల్ల గుచ్చడం రావడానికి 3 ఏళ్ళు, కోతకి 8 ఏళ్ళు, కాల్చడానికి జన్మంతా అని వీళ్ళ సామెత. యానాంలో మన చేపలత్త వింటే నవ్వుతుంది.

టోకెన్ ఇచ్చి నలభై నిమిషాలాగమన్నారు. ఆ ఖాళీలో ఫోన్లో చదివాను. చెరువు రైతువి, నీకు పనికొస్తుంది. మన రొయ్యపిల్లలా హేచరీ నుంచి తెచ్చి వదలడం దీనికింకా పెద్ద ఎత్తున కుదరలేదు. ఎక్కడో మరియానా దీవుల దగ్గర సముద్రంలో పుట్టి, 2,000 కిలోమీటర్ల పైగా కొట్టుకొచ్చి, గాజు పుల్లల్లా ఏటి మొగల్లో చేరతాయట. వాటిని పట్టి చెరువుల్లో పెంచుతారు. పులస గుడ్లు పెట్టడానికి గోదాట్లోకి ఎక్కుతుందా, ఇది అందుకే సముద్రంలోకి దిగుతుంది. 2014లోనే అంతరించిపోయే జాతుల జాబితాలోకి ఎక్కిందని కూడా చదివాను. చదివీ తిన్నాను.

నా నంబరు రాగానే ఒక పెద్దావిడ వచ్చి "ఒహితోరి-సమా?" అంది. హితోరి అంటే ఒక్కరు. సమా అంటే మన గారు కన్నా పెద్ద మర్యాద. అంటే నేను ఒక్కరు గారిని అన్నమాట! ఒక్కదానివే హోటల్‌కి పోవడమేంటని అమ్మ అంటుంది. ఇక్కడ అదేం వింత కాదని చెప్పు. ఆ మాట మీంచి సంబంధాల దాకా పోవద్దని కూడా చెప్పు.

నల్ల లక్క పెట్టె తెచ్చి పెట్టింది. మూత తీస్తే ముందు ఆవిరి, తర్వాత బొగ్గు వాసన. అన్నం కనబడకుండా ముక్కలు, పైన మెరుస్తున్న పులుసు. పులుసంటే మన పులుసు కాదు, సోయాతో చేసిన తియ్యటి పాకం. ఒకసారి కాల్చి, ఆవిరి మీద ఉడికించి, పాకంలో ముంచి మళ్ళీ కాలుస్తారు. ఆకుపచ్చటి పొడి ఒకటి చల్లుకోవాలి, మిరియానికీ నిమ్మతొక్కకీ మధ్య ఉంటుంది, నాలుక జివ్వుమంటుంది. 4,500 యెన్లయింది, మన లెక్కలో 2,500 పైనే. పుస్తెలమ్మైనా పులస తినాలని నువ్వన్నప్పుడల్లా అమ్మ మెడ పట్టుకునేది కదా, నువ్వు నన్నేమీ అనకూడదు.

ముళ్ళు లేవు నాన్నా. ఉన్నా వెంట్రుకల్లాంటివి, నమిలేస్తే పోతాయి. అయినా ప్రతి ముద్దా నాలుకతో వెతుక్కుంటూనే తిన్నాను. ఇంటర్‌కొచ్చేదాకా పులస ముళ్ళు తీసి నా కంచం అంచున పెట్టేవాడివి, నీ అన్నం చల్లారిపోయేది. మట్టి దాకలో రాత్రి వండి పొద్దున తినే ఆ పులుసుకి ఇది సాటి రాదు. బాగుంది గానీ, పులుపు లేదు. గదికొచ్చాక నెల్లూరమ్మాయి ఊరగాయ వేలితో నాకి పడుకున్నాను.

తమ్ముడు చెప్పాడు, కంటి ఆపరేషన్ మళ్ళీ వాయిదా వేశావట. పట్టుబడి అయ్యాక అంటే ఎప్పటికి? డబ్బు సంగతైతే ఈ నెల పంపుతున్నాను, టెన్షన్ పెట్టుకోకు. మొన్న భూకంపం మా వైపు కాదు, అమ్మతో చెప్పు.

దీపావళికి వస్తాను. అప్పటికి పులస ఉండదని తెలుసు, మన చెరువు శీలావతైనా చాలు. ముళ్ళు మాత్రం నువ్వే తియ్యాలి, కన్ను అప్పటికి బాగు చేయించుకుని ఉండు.

నీ చిన్ని