ఒక్క లైనుతో సరిపెట్టకండి

ఎడిటర్ గారికి,

మీ పేపర్లో ‘చరిత్రలో ఈ రోజు’ పొద్దున్నే ఇంట్లో అందరికీ వినపడేలా చదువుతాను, కానీ ఏప్రిల్ 16న ‘1848: కందుకూరి వీరేశలింగం జననం’ అని ఒక్క లైను వేసి వదిలేస్తే మనసు ఒప్పుకోలేదు. ఆయన రాజమండ్రిలో పుట్టేనాటికి పక్కనే ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట పని జోరుగా నడుస్తోంది, 1847లో మొదలై 1852కి పూర్తయింది. అదే 1848లో పుణెలో ఫూలే దంపతులు ఆడపిల్లలకు బడి తెరిచారు. తర్వాత 1874లో వీరేశలింగం గారు బాలికల పాఠశాల పెట్టింది ఆ ధవళేశ్వరంలోనే! ఇవన్నీ కలిపి చెబితే ఎనిమిదో తరగతి చదివే మా మనవరాలు నా చేతిలో పేపరు లాక్కుంది, మిగతాది ఎక్కడుందని. నాలుగు వాక్యాలైనా వేయండి, ఊరి పేర్లతో సహా.

- ఒక పాఠకురాలు, రాజమండ్రి