గ్రేస్ హోపర్ పాఠం పాలిటెక్నిక్ విద్యార్థులకు కావాలి: విద్యాశాఖ మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారములు.

పాలిటెక్నిక్ కంప్యూటర్ కోర్సులో అమెరికా నౌకాదళ అధికారిణి గ్రేస్ హోపర్ వృత్తి జీవితాన్ని ఒక పాఠంగా చేర్చవలసిందిగా కోరుతున్నాను. క్విజ్ పోటీల పుణ్యమా అని ఆమె పేరు 1947లో హార్వర్డ్ మార్క్-2 కంప్యూటర్ రిలేలో (విద్యుత్ స్విచ్చిలో) దొరికిన, కంప్యూటర్ లోపాన్ని 'బగ్' (పురుగు) అనడంతో ముడిపెట్టే రెక్కల పురుగు దగ్గరే ఆగిపోయింది. ఆ పురుగును పట్టుకున్నదైనా ఆమె కాదు.

యేల్‌లో గణిత డాక్టరేట్ పొంది వాసర్ కళాశాలలో పాఠాలు చెబుతున్న హోపర్, యుద్ధకాలంలో నౌకాదళ రిజర్వులో చేరబోతే బరువు చాలదన్నారు; మినహాయింపు తెచ్చుకుని 1943లో చేరారు. 1952లో యూనివాక్ కంప్యూటర్‌కు ఏ-0 కంపైలర్ (ప్రోగ్రామును యంత్రం నడపగల రూపంలోకి మార్చే సాధనం) తయారుచేశారు. ఇవాళ్టి లెక్కలో అది ముందే రాసిన ప్రోగ్రాము ముక్కలను కలిపే లింకర్‌కే దగ్గర, కానీ ప్రోగ్రామును కూర్చే పని యంత్రానికే అప్పగించవచ్చని ఆనాడు నమ్మినవారు తక్కువ.

అసలు పాఠం ఆ తర్వాతిది. జీతాల పట్టీలు, సరుకు నిల్వలు చూసేవారికి గణిత సంకేతాలతో పనిలేదని, వాడుక ఇంగ్లిషు మాటల్లోనే ఆదేశాలు రాయనివ్వాలని ఆమె అడిగితే, యంత్రానికి ఇంగ్లిషు రాదని ఆమె పనిచేసే కంప్యూటర్ కంపెనీ కొట్టిపారేసింది. ఆమె అవే ఆదేశాలను ఫ్రెంచిలోనూ జర్మన్‌లోనూ రాసి నడిపించి చూపారు. పెన్సిల్వేనియాలో తయారైన యంత్రానికి జర్మన్ ఎలా వస్తుందని యాజమాన్యం కంగారుపడింది. యంత్రానికి ఏ భాషైనా గుర్తుల వరుసేనన్న సంగతి వారికి తట్టలేదు. చివరకు ఇంగ్లిషు మాటలతోనే ఫ్లో-మాటిక్ అనే ప్రోగ్రామింగ్ భాష వచ్చింది. 1959లో ఒక సంఘం రూపకల్పన మొదలుపెట్టిన కోబాల్ అనే వ్యాపార లెక్కల ప్రోగ్రామింగ్ భాషకు అదే ముఖ్య ఆధారం. ఆ సంఘానికి ఆమె సలహాదారు మాత్రమే కనుక, పుస్తకంలో కోబాల్‌ను ఆమె ఒక్కరి సృష్టిగా రాయవద్దని మనవి.

1990ల చివర అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని వై2కే పనులకు (2000 సంవత్సరాన్ని పాత ప్రోగ్రాములు తప్పుగా చదవకుండా సరిదిద్దే పనులకు) అమెరికా వెళ్లిన మనవాళ్ల ఇళ్లలో పొయ్యి వెలిగించిన భాష అది. ఆ కుటుంబాల పిల్లలకైనా ఈ చరిత్ర తెలియాలి.

పుట్టిన తేదీ, మరణించిన తేదీలతో అరపేజీ జీవిత చరిత్ర వేసి సరిపెట్టకండి. కాంతి నానోసెకనులో వెళ్లే దూరాన్ని చూపడానికి ఆమె సుమారు 30 సెంటీమీటర్ల తీగ ముక్కలు పంచేవారు. ప్రతి ల్యాబులో అలాంటిది ఒకటి వేలాడదీయించండి. దానితోపాటు "నిల్వలోంచి అమ్మకం తీసివేయి" వంటి ఐదారు తెలుగు ఆదేశాలను గుర్తుపట్టి అమలుచేసే చిన్న ప్రోగ్రామును విద్యార్థుల చేతనే రాయించండి. పదో తరగతి వరకు తెలుగులో చదివి వచ్చిన పిల్లలు దాన్ని ఎంత చొరవగా అందుకుంటారో అధ్యాపకులే చూస్తారు.

తదుపరి సిలబస్ సవరణలో ఈ ప్రతిపాదనను పరిశీలించేలా సాంకేతిక విద్యా శిక్షణ మండలికి ఆదేశాలివ్వగలరు.

ఇట్లు,
ఒక విశ్రాంత పాలిటెక్నిక్ అధ్యాపకుడు