లాంగ్ నోట్‌బుక్ ఇచ్చిన అక్కకి

ఉద్యోగం పోయి, గది అద్దె కట్టలేక సికింద్రాబాద్ స్టేషన్ బయట నాలుగు రాత్రులు పడుకున్నాను. 5 రూపాయల భోజనం లైన్లో నా వెనక ఉన్న ఒక అక్క, నేను చిత్తుకాగితం మీద రాసుకోవడం చూసి "ఏం రాస్తున్నావు తమ్ముడూ?" అని అడిగింది. మా అమ్మ గురించి అన్నాను. సంచిలోంచి లాంగ్ నోట్‌బుక్ తీసి, తన చిట్టీ లెక్కలున్న నాలుగు పేజీలు మెల్లగా చింపుకుని, మిగతాదంతా పెన్నుతో సహా నా చేతిలో పెట్టింది. అంతటితో ఆగలేదు, నాతో నడిచొచ్చి జీహెచ్ఎంసీ నైట్ షెల్టర్ చూపించింది, అలాంటిది ఒకటుందని నాకు నిజంగా తెలియదు. ఆ రాత్రి రాసింది పక్కనున్న పెద్దాయన రెండుసార్లు చదివించుకుని విన్నారు. అక్కా, టెన్షన్లో నీ పేరు కూడా అడగలేదు. నోట్‌బుక్ నిండింది. చాలా చాలా థాంక్స్.