కారులో నల్లులు: అమ్మడికి

అమ్మడూ,

నువ్వు పంపిన ఫోటో చూశాను. సీటు కుట్టు పక్కన ఉన్న నల్ల చుక్కలు మట్టివి కావు, నల్లులవే. తడిగుడ్డతో ఒక చుక్కని అద్ది చూడు, ఎర్రగానో గోధుమరంగుగానో పాకితే అది అవి తాగి అరిగించుకున్న రక్తం. ఫోన్‌లో "ఏదో ఒక మందు కొట్టించేస్తాను నాన్నా, రేపటికల్లా అయిపోవాలి" అన్నావు చూడు, ఆ మాటకే ఈ ఉత్తరం. చెబితే సగం మర్చిపోతావు, అందుకని రాసి పంపిస్తున్నాను.

మందు జోలికి ఇప్పుడే వెళ్లకు. కారంటే అద్దాలు బిగించిన చిన్న గది. ఇంట్లో అయితే కిటికీలు తీస్తే వాసనైనా పోతుంది. కారులో కొట్టింది సీటు గుడ్డకీ ఫోముకీ పట్టేస్తుంది, ఎండకి వేడెక్కినప్పుడల్లా కొంత గాలిలో కలుస్తుంది. దాన్ని పీల్చేది ముందుగా బుజ్జిగాడు. పైగా ఇళ్లల్లో వాడే స్ప్రేలకి చాలాచోట్ల నల్లులు అలవాటు పడిపోయాయి. ఇదేమీ కొత్త సంగతి కాదు, డీడీటీ అనే పాత పురుగుమందుకి లొంగని నల్లులు హవాయిలో 1947లోనే బయటపడ్డాయి. నల్లి కుడితే దద్దుర్లు, దురద, నిద్ర చెడటం, ఇవన్నీ నిజమే. కానీ వాటివల్ల మనుషులకి జబ్బులు అంటుకుంటాయని ఇంతవరకూ తేలలేదు. కాబట్టి నిదానంగా చేసుకునే వీలుంది, టెన్షన్ పడకు.

ఇన్నేళ్లూ కారు సీట్లు కుట్టి బతికినవాణ్ణి, అవి ఎక్కడ దాక్కుంటాయో నాకు తెలుసు. పెద్ద నల్లి 4-5 మిల్లీమీటర్లు ఉంటుంది, అయితే ఆకలి మీదున్నప్పుడు బల్లపరుపుగా ఉంటుంది. ఏటీఎం కార్డు దూరేంత సందు దానికి చాలు. ఎగరలేదు, గెంతలేదు, పాకుతుందంతే. సీటు అంచు చుట్టూ తాడులా ఉబ్బుగా కనిపించేదాన్ని మేము పైపింగ్ అంటాం. గుడ్డని ఒక సన్నతాడు చుట్టూ మడిచి కుడతాం, ఆ మడత వెనక చీకటిగా ఉంటుంది. బొటనవేలితో పైపింగ్‌ని పక్కకి నొక్కి పట్టుకుని టార్చి వెయ్యి. చుక్కలు, ఎండిపోయిన కుబుసాలు, గుడ్లు అక్కడే దొరుకుతాయి. గుడ్డు ఒక మిల్లీమీటరు ఉంటుంది, తెల్లగా, జిగురుపెట్టి అంటించినట్టు ఉంటుంది. ఆ తర్వాత వీపు ఆనే భాగం, కూర్చునే భాగం కలిసే సందు చూడు. హెడ్‌రెస్ట్ కడ్డీలు దిగే చోటు, సీటు వెనక జేబు అడుగు, బెల్టు బకిల్ మొదలు, మ్యాట్ల కింద, డిక్కీలో స్టెప్నీ మీద పరిచే గుడ్డ కింద కూడా చూడు. బుజ్జిగాడి సీటుకి కవరు ఊడుతుంది కదా, ఊడదీసి పట్టీలు దూరే కంతల్లోకి తొంగిచూడు.

ముందు కారులో ఉన్న సామానంతా తీసి, అక్కడికక్కడే ప్లాస్టిక్ సంచుల్లో వేసి మూతి బిగించు. విడిగా ఇంట్లోకి పట్టుకెళ్తే నువ్వే మోసుకెళ్లినట్టవుతుంది. ఉతికేవి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతుకు. డ్రయ్యర్ ఉంటే ఎక్కువ వేడి మీద అరగంట తిప్పు. పిల్లల సీటు కవరుకి మాత్రం కంపెనీవాళ్లు లేబుల్ మీద ఎంత వేడి రాశారో అంతకి మించకు, పట్టీల్ని అసలు నానబెట్టొద్దు.

తర్వాత వ్యాక్యూమ్. సన్నమూతి గొట్టం తగిలించి ప్రతి కుట్టు వెంట మెల్లగా, మెల్లగా లాగు. గుడ్లు జిగురుతో అతుక్కుని ఉంటాయి, గాలి లాగినంత మాత్రాన రావు. పాత కార్డొకటి తీసుకుని కుట్టు వెంట ఏటవాలుగా గీకుతూ, ఆ వెనకే గొట్టం పెట్టు. ఈ గీకుడు దగ్గరే అందరూ బద్ధకిస్తారు, వారం తిరిగేసరికి మళ్లీ నల్లులొచ్చాయని వాపోతారు. అయిపోగానే దుమ్ముసంచి తీసి ప్లాస్టిక్ కవరులో కట్టి బయటి చెత్తడబ్బాలో పడెయ్యి. సంచి లేని రకమైతే దుమ్ము కవరులోకి దులిపి, డబ్బాని వేడినీళ్లతో కడుగు.

అసలు మందు ఆవిరి. ఒక మంచి స్టీమర్ అద్దెకి దొరికితే తెచ్చుకో. మూతి సన్నగా ఉంటే ఆ ఉరవడికి నల్లులు ఎగిరి వేరే చోట పడతాయి, అందుకని వెడల్పు మూతి పెట్టి దానికి గుడ్డ చుట్టు. సీటు మీద ఆవిరి తగిలే చోట వేడి 70 డిగ్రీలు దాటాలి. తొందరగా తుడిచినట్టు లాగితే పైపైనే వేడెక్కుతుంది, నత్తనడకే నడిపించాలి. రెక్సిన్, తోలు సీట్లయితే ముందు కనపడని మూల కాస్త పట్టి చూడు. పని అయ్యాక తలుపులన్నీ తీసి పూర్తిగా ఆరనివ్వు, లేకపోతే బూజు పడుతుంది.

ఒక్క జాగ్రత్త. ముందు సీట్ల పక్క అంచున ఎయిర్‌బ్యాగ్ అని చిన్న ట్యాగు కుట్టి ఉంటుంది. ఆ వైపు, స్టీరింగ్ మధ్యలో, డ్యాష్‌బోర్డు మీద ఆవిరి పట్టొద్దు. సీటు కింద పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగ్ వైర్లవి, తడపొద్దు, లాగొద్దు. సీటు ఊడదీయాల్సి వస్తే బ్యాటరీ తీసి చేసే మెకానిక్‌కే అప్పజెప్పు, అల్లుడుగారిని స్పానర్ పట్టుకోనివ్వకు.

ఎండలో పెడితే చస్తాయి కదా అంటారు. సగం నిజం. 50 డిగ్రీలు దాటితే పెద్ద నల్లులు ఎక్కువసేపు నిలవవు. గుడ్లు మొండివి, 48 దగ్గర గంటకి పైనే పడుతుంది. డ్యాష్‌బోర్డు కాలిపోతున్నా సీటు ఫోము లోపల, కార్పెట్ కింద చల్లగానే ఉంటుంది, అవి అక్కడికి జారుకుంటాయి. పుల్లలాంటి థర్మామీటరు సీటు సందులో లోపలికంటా గుచ్చి చూస్తే నీకే అర్థమవుతుంది. వేడి పెంచుదామని స్టవ్వో బొగ్గుల కుంపటో కారులో పెట్టే ఆలోచన కలలో కూడా వద్దు, ప్రాణాలు తీసే గాలి పుడుతుంది. వేడితో చంపడం పెస్ట్ కంట్రోల్‌లో కొంతమంది సరిగ్గా చేస్తారు. నాలుగైదు చోట్ల వేడి కొలుస్తూ కారంతటినీ 55-60 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచుతారు. అలాంటివాళ్లు దొరికితే ఖర్చయినా పర్లేదు. అప్పుడు లైటర్లు, స్ప్రే డబ్బాలు, పవర్ బ్యాంకులు కారులో లేకుండా చూసుకో.

ఎవరెవరో ఏవేవో సలహాలిస్తారు. పెట్రోలు, కిరోసిన్, స్పిరిట్ చల్లమంటారు. 2015లో ఒకాయన నల్లుల కోసం కారులో ఆల్కహాల్ చల్లి, లోపలే కూర్చుని సిగరెట్ వెలిగించాడు. కారు తగలబడింది, ఆయనకీ కాలింది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమంటే ఇదే. పొగ వదిలే డబ్బాలు కూడా వద్దు. ఆ పొగ సందుల్లోకి దూరదు, వాటిలో మండే గ్యాసు ఉంటుంది. కలరా ఉండలు దండగ. అన్నిటికన్నా ముఖ్యం, ధాన్యం నిల్వల్లో పెట్టే మాత్రలు ఎవరిచ్చినా ముట్టుకోవద్దు. గాలిలో తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ అనే విషవాయువు వదులుతాయి. దానికి విరుగుడు లేదు. ఇళ్లల్లో నల్లులకని అవి పెట్టి పసిపిల్లలు పోయిన వార్తలు నువ్వూ చదివే ఉంటావు.

కారుని కొన్నాళ్లు పక్కన పెట్టేస్తే ఆకలికి చస్తాయన్నారట అల్లుడుగారు. రక్తం లేకుండా నెలల తరబడి ఉంటాయమ్మా, చల్లటి చోటైతే ఏడాది దాకా ఉండగలవు. అంతకంటే వారానికోసారి ఇదే పని మళ్లీ చెయ్యి. గుడ్లు మామూలుగా వారం పది రోజుల్లో పొదుగుతాయి, మొదటిసారి తప్పించుకున్నవి రెండోసారికి పిల్లలై దొరుకుతాయి. వరసగా ఆరు వారాలు కొత్త చుక్కగానీ కుబుసంగానీ కనపడకపోతే అప్పుడు ఆపు. అప్పటికీ తగ్గకపోతేనే మందు, అదీ వాహనాల లోపల వాడొచ్చని లేబుల్ మీద రాసి ఉన్నది, లైసెన్సు ఉన్నవాళ్ల చేత. మందు పేరు అడిగి రాసుకో, ఎన్ని గంటలయ్యాక పిల్లాణ్ణి ఎక్కించొచ్చో కూడా అడుగు. సరిగ్గా చెప్పలేకపోతే వాళ్లని పంపించెయ్యి.

ఇంకో మాట. కారులో రాత్రిళ్లు ఎవరూ పడుకోరు కాబట్టి నల్లులు తమంతట తాము అక్కడ కాపురం పెట్టవు, దేని మీదో ఎక్కి వస్తాయి. పోయిన నెల ఎవరో ఇచ్చారని పాత కుషన్ కుర్చీ వెనక సీటులో వేసుకొచ్చావు కదా, నా అనుమానం దాని మీదే. అది ఇప్పుడు ఏ గదిలో ఉంది? తిరగేసి చూడు, అడుగున నల్లగుడ్డ పరిచి పిన్నులు కొట్టి ఉంటుంది. ఒక మూల నాలుగు పిన్నులు ఊడదీసి లోపలికి టార్చి వెయ్యి. చెక్క కలిసే చోట చుక్కలు కనిపిస్తే కుర్చీని పెద్ద ప్లాస్టిక్ కవరులో చుట్టి బయటపెట్టి, మీ మంచాలు కూడా వెతికి, నాకు ఫోన్ చెయ్యి.

నాన్న